కౌంటర్‌కు కూడిక వచ్చు, పేర్లు గుర్తుండవు

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక వార్తల యాప్‌లో ఏ కథనాన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టడానికి కసాండ్రా అనే డేటాబేస్‌లోని కౌంటర్ (కలుపుతూ పోయే లెక్కల కాలమ్) వాడుతున్నారు. మూడు నోడ్ల (యంత్రాల) క్లస్టర్, రెప్లికేషన్ 3 (ప్రతి డేటాకూ మూడు ప్రతులు, ఒక్కో ప్రతి ఉన్న నోడ్ ఒక రెప్లికా), రాయడానికీ చదవడానికీ కన్సిస్టెన్సీ లెవెల్ ‘వన్’ (ఒక్క రెప్లికా జవాబిస్తే చాలు). ఒకే కథనం మీదికి 10 లక్షల క్లిక్కులు పంపి పరీక్షిస్తే కౌంటర్ చివరికి 10,00,287 దగ్గర ఆగింది. అప్లికేషన్ లాగ్‌లో 412 టైమవుట్లు (గడువులోగా జవాబు రాకపోవడం) కనిపించాయి, ప్రతి టైమవుట్‌కూ ఒకసారి రీట్రై (మళ్లీ ప్రయత్నం) జరిగి అది విజయవంతమైంది. పరీక్ష నడుస్తుండగా పేజీని రిఫ్రెష్ చేస్తుంటే అంకె పెరిగి, మళ్లీ తగ్గి, మళ్లీ పెరిగింది. ఇది కసాండ్రాలో బగ్గా, రీట్రై తీసేస్తే సరిపోతుందా అని అడిగారు.

బగ్ కాదు. రీట్రై తీసేస్తే లెక్క సరికాదు, తప్పు అటు నుంచి ఇటు మారుతుంది. మీరిచ్చిన రెండు అంకెలతోనే ఎంత మారుతుందో కూడా చెప్పవచ్చు. అయితే ముందుగా కౌంటర్ కడుపులో ఏముందో చూడాలి. 2011లో 0.8 వెర్షన్‌తో కసాండ్రాలోకి కౌంటర్లు వచ్చినప్పటి నుంచి వాటితో కాపురం చేస్తున్నాను. వాటి మంచీ చెడ్డా రెండూ అనుభవించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మామూలు పూర్ణాంకపు కాలమ్‌తో ఈ పని ఎందుకు జరగదో ముందు చూద్దాం. కాలమ్‌లో 100 ఉంది. ఇద్దరు పాఠకులు ఒకే క్షణంలో క్లిక్ చేశారు. మీ అప్లికేషన్ రెండుచోట్ల నడుస్తోంది. రెండూ 100 చదివాయి, రెండూ 101 రాశాయి. కసాండ్రాలో మామూలు గడి విషయంలో ఎవరి టైమ్‌స్టాంప్ తర్వాతిదైతే వారి విలువ నిలుస్తుంది. ఇక్కడ ఇద్దరూ రాసింది 101 కాబట్టి ఎవరు గెలిచినా ఒక క్లిక్ గల్లంతే. ఒకే యంత్రం మీద నడిచే డేటాబేస్ అయితే టేబుల్‌లోని ఆ వరసకు తాళం వేసి ఒకరి తర్వాత ఒకరిని పంపుతుంది. కసాండ్రాలో మూడు రెప్లికాలూ సమానమే. ఎవరి దగ్గరికైనా రాత రావచ్చు, తాళం పట్టుకుని కూర్చునే పెద్దమనిషి ఎవరూ లేరు.

సరే, విలువ కాకుండా ‘ఒకటి కలుపు’ అనే మాటనే మూడు రెప్లికాలకూ పంపితే? అందరికీ మొదట తట్టే ఉపాయం ఇదే, నాకూ తట్టింది. కాసేపు ఆలోచిస్తే దాని లొసుగు బయటపడుతుంది. ఒక నోడ్ పది నిమిషాలు పడిపోయి లేచింది. దాని దగ్గర 56 ఉంది, పక్కదాని దగ్గర 57. ఒకటి తక్కువైంది కదా, 57 చేసేద్దామా? చేయలేం. మొదటిదానికి అందిన కూడికల్లో కొన్ని రెండోదానికి అందకపోయి ఉండవచ్చు, అసలు మొత్తం 60 అయి ఉండవచ్చు. రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికి ఏది అందలేదో తెలియదు. పోగా, దారిలో పోయిందేమో అనుకుని మళ్లీ పంపిన ‘ఒకటి కలుపు’ రెండుసార్లు చేరితే రెండుసార్లూ కలుస్తుంది.

కసాండ్రా దీన్ని ఎలా దాటిందో చెప్పడానికి నేను మా కుర్రాళ్లకు పెళ్లిలో చదివింపులు రాసే బల్ల చూపిస్తుంటాను. పెద్ద కల్యాణ మండపం, మూడు ద్వారాలు, జనం విపరీతం. ఒక బల్ల చాలదు కాబట్టి మూడు ద్వారాల దగ్గరా మూడు బల్లలు వేశారు. ఒకదాని దగ్గర పెదనాన్న, ఇంకోదాని దగ్గర మేనమామ, మూడోదాని దగ్గర బాబాయి. నియమం ఒక్కటే: ఎవరి పుస్తకంలో వారే రాయాలి, పక్కవారి పుస్తకం ముట్టుకోకూడదు. ఒక్కో చదివింపు రాసినప్పుడల్లా కింద వరుస సంఖ్య, ఆ బల్ల దగ్గర ఇప్పటివరకు అయిన మొత్తం వేస్తారు. ‘వరుస 41, మొత్తం 52,300’ అన్నట్టు. ఒక కుర్రవాడు ఆ చివరి పంక్తిని చీటీ మీద రాసుకుని మిగతా రెండు బల్లల దగ్గరికి తీసుకెళ్లి ఇస్తుంటాడు. ఏ బల్ల దగ్గరైనా పక్క రెండు బల్లల తాజా చీటీలు ఉంటాయి. బాబాయి దగ్గరి నుంచి రెండు చీటీలు వచ్చాయనుకోండి, వరుస సంఖ్య పెద్దది ఉంచుకుని రెండోది చించేస్తారు. ‘మొత్తం ఎంత వచ్చింది?’ అని పెళ్లికూతురి తండ్రి ఏ బల్ల దగ్గర అడిగినా సరే, తన మొత్తానికి రెండు చీటీల మొత్తాలూ కలిపి చెబుతారు.

ఇందులోని తెలివి ఎక్కడుందో చూడండి. చీటీ రెండుసార్లు వచ్చినా నష్టం లేదు. ఆలస్యంగా వచ్చినా, ముందుదీ వెనకదీ తారుమారైనా నష్టం లేదు. ఒక చీటీ దారిలో పడిపోయినా తర్వాతి చీటీలో దాని లెక్క కలిసే ఉంటుంది. బల్లల మధ్య నడిచేది కూడిక కాదు, అప్పటివరకు అయిన మొత్తం.

కసాండ్రాలో ఒక్కో పుస్తకాన్ని షార్డ్ అంటారు. ఒక కౌంటర్ గడిలో ఒక పెద్ద అంకె ఉంటుందని అనుకుంటాం కానీ, డిస్కు మీద ఉండేది కొన్ని షార్డ్‌ల వరుస. ఒక్కో షార్డ్‌లో మూడు భాగాలు: ఏ నోడ్‌ది అనే గుర్తు 16 బైట్లు, వరుస సంఖ్య 8 బైట్లు, ఆ నోడ్ లెక్క 8 బైట్లు. వెరసి 32 బైట్లు. వరుస సంఖ్యను క్లాక్ అంటారు. 3.0 వెర్షన్ నుంచి దాన్ని గడియారం సమయంతో ముడిపెట్టారు, అయినా అది ఎప్పుడూ పెరిగేదే. కింది ఉదాహరణల్లో సులువు కోసం చిన్న అంకెలు వేస్తాను. మూడు రెప్లికాలుంటే మూడు షార్డ్‌లు. మీరు చదివినప్పుడు కనిపించే అంకె ఆ మూడు లెక్కల కూడిక.

దగ్గరగా ఒక్క క్లిక్ చూద్దాం. నోడ్లకు గంగ, కృష్ణ, పెన్న అని పేర్లు పెడదాం. ప్రస్తుతం గంగ షార్డ్ క్లాక్ 5, లెక్క 40. కృష్ణది క్లాక్ 3, లెక్క 25. పెన్నది క్లాక్ 7, లెక్క 35. మొత్తం 100. మీ అప్లికేషన్ ‘ఒకటి కలుపు’ అని క్లస్టర్‌లో ఏదో ఒక నోడ్‌కు పంపింది, ఆ నోడ్ కోఆర్డినేటర్. అది బతికి ఉన్న రెప్లికాల్లో దగ్గరలో ఉన్నదాన్ని ఈ ఒక్క కూడికకు లీడర్‌గా ఎంచుకుంటుంది. గంగను ఎంచుకుందనుకుందాం. గంగ తన దగ్గర ఈ కౌంటర్‌కు తాళం వేసుకుంటుంది, తన షార్డ్ చదువుతుంది, క్లాక్ 6, లెక్క 41 అని కొత్త షార్డ్ తయారుచేసి రాస్తుంది, తాళం తీస్తుంది. ఆపైన కృష్ణకూ పెన్నకూ ‘గంగ షార్డ్: క్లాక్ 6, లెక్క 41’ అనే చీటీ వెళ్తుంది. వాళ్ల దగ్గరున్న గంగ షార్డ్ క్లాక్ 5 కాబట్టి 6 నిలుస్తుంది. ఇప్పుడు ఎక్కడ అడిగినా 101. తర్వాతి క్లిక్‌కు లీడర్ పెన్న కావచ్చు, అప్పుడు పెన్న తన షార్డ్‌ను మాత్రమే పెంచుతుంది.

కసాండ్రాలో మామూలు రాతకు ముందు చదవడం ఉండదు, దాని వేగమంతా అందులోనే ఉంది. కౌంటర్‌లో లీడర్ తప్పనిసరిగా చదివి రాయాలి. అందుకే కౌంటర్ మామూలు రాతకంటే ఖరీదు. ఆ చదువు తేలిక చేయడానికి, లెక్కలను మెమరీలో ఉంచుకునే కౌంటర్ క్యాష్ అని ఒకటి ఉంది. డిఫాల్ట్‌గా అది హీప్‌లో (కసాండ్రా ప్రక్రియ వాడుకునే జావా మెమరీలో) 2.5 శాతం లేదా 50 మెగాబైట్లు, రెండింట్లో ఏది తక్కువైతే అది.

పరిశోధనా పత్రాలు చదివే అలవాటున్నవారికి ఇది పరిచితంగా అనిపిస్తుంది. ఒకదానితో ఒకటి కలిపినా గొడవపడని డేటా నిర్మాణాల గురించి ఫ్రాన్స్‌లోని ఇన్‌రియా పరిశోధనా సంస్థకు చెందిన మార్క్ షపీరో, ఆయన సహచరులు 2011లో రాసిన పత్రాల్లో పీఎన్ కౌంటర్ ఉంది. అందులో ప్రతి నోడ్‌కూ పెంపు లెక్క ఒకటి, తగ్గింపు లెక్క ఒకటి, రెండూ పెరిగేవే తప్ప తగ్గేవి కావు. కసాండ్రాలో పెరిగే పని క్లాక్ చూసుకుంటుంది కాబట్టి లెక్క పెరగవచ్చు, తగ్గవచ్చు, ఒక్కటే చాలు.

పాత వెర్షన్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే వెతికితే దొరికే రాతల్లో సగం ఆ కాలానివి, అవి చదివి భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. 2.1కి ముందు లీడర్ తన దగ్గర మొత్తం రాసేది కాదు, ‘ఒకటి కలుపు’ అన్న ముక్కనే రాసుకునేది. చదివేటప్పుడు ఆ ముక్కలన్నీ కూడేది. మిగతా రెప్లికాలకు మాత్రం మొత్తం పంపేది. నోడ్ కూలిపోయి లేచి కమిట్ లాగ్‌ను (ప్రతి రాతనూ ముందుగా నమోదు చేసుకునే ఫైలును) తిరగదోడుకునేటప్పుడు, అప్పటికే డిస్కు చేరిన ముక్కను మళ్లీ కలిపితే లెక్క పెరిగిపోయేది. ఒకే నోడ్, ఒకే క్లాక్, రెండు వేరు లెక్కలున్న షార్డ్‌లు ఎదురైతే ‘చెల్లని కౌంటర్ షార్డ్ కనిపించింది, పెద్దది తీసుకుంటున్నాను’ అనే అర్థం వచ్చే పంక్తి లాగ్‌లో పడేది. ఆ పంక్తిని తెల్లవారుజామున మూడు గంటలకు చూసినవారికి దాని రుచి తెలుసు. 2014లో వచ్చిన 2.1లో ఈ భాగాన్ని తిరగరాశారు. నేను పైన చెప్పిన తాళం, చదువు, మొత్తం రాయడం అప్పుడు వచ్చినవే. ఇప్పుడు కమిట్ లాగ్‌ను ఎన్నిసార్లు తిరగదోడినా ‘క్లాక్ 6, లెక్క 41’ అన్నది మళ్లీ అదే అవుతుంది.

ఇక మీ 287 దగ్గరికి వద్దాం.

చీటీలు రెండుసార్లు వచ్చినా నష్టం లేదన్నాను. అది బల్లల మధ్య నడిచే చీటీల మాట. చదివింపు ఇచ్చే మనిషికీ బల్లకూ మధ్య ఆ రక్షణ లేదు. మా మేనత్త 1,116 రూపాయల కవరు పిల్లవాడి చేతికిచ్చి బల్ల దగ్గరికి పంపింది. వాడు అక్కడి రద్దీలో తప్పిపోయాడు, పది నిమిషాలైనా తిరిగి రాలేదు. రాశారా, రాయలేదా? ఆమెకు తెలియదు. ఇంకో పిల్లవాడితో ఇంకో కవరు పంపితే, మొదటిది చేరి ఉంటే రెండు పద్దులు పడతాయి. పంపకపోతే, మొదటిది చేరకపోయి ఉంటే ఒక్క పద్దూ పడదు. మీ 412 టైమవుట్లూ ఇలాంటి పిల్లలే.

మీ రీట్రైలన్నీ విజయవంతమయ్యాయన్నారు. మొత్తం 10,00,287. అంటే 412 మొదటి ప్రయత్నాల్లో 287 నిజానికి కలిసిపోయాయి, జవాబు మాత్రమే మీకు చేరలేదు. మిగిలిన 125 నిజంగానే కలవలేదు, రీట్రై వాటిని కాపాడింది. రీట్రై లేకుండా ఇదే పరీక్ష ఇలాగే నడిచి ఉంటే మీరు 9,99,875 చూసేవారు. ఇప్పుడు 287 ఎక్కువ, అప్పుడు 125 తక్కువ. ఇందులో మీకు ఏది నయమో మీరే చెప్పాలి, డేటాబేస్ చెప్పలేదు.

రెండు రకాలూ ఎలా పుడతాయో చూస్తే చికాకు కొంత తగ్గుతుంది. మీరు 10 లక్షల క్లిక్కులూ ఒకే కథనం మీదికి పంపారు. అంటే ఒకే కౌంటర్, ఒక్కో లీడర్ దగ్గర ఒకే తాళం, దాని ముందు బారులు తీరిన రాతలు. కౌంటర్ రాతకు సర్వర్ వైపు గడువు డిఫాల్ట్‌గా 5 సెకన్లు. ఆ లోపు తాళం దొరకని రాత వెనక్కి పోతుంది, దాని కూడిక జరగదు. మీ 125లో చాలావరకు ఇవే అయి ఉండాలి. తాళం దొరికి, కూడిక జరిగి, జవాబు బయల్దేరే సమయానికి గడువు దాటినవి రెండో రకం. దీనికి తోడు జావా డ్రైవర్ (అప్లికేషన్‌ను కసాండ్రాతో కలిపే లైబ్రరీ) నాలుగో తరంలో క్లయింట్ వైపు, అంటే అప్లికేషన్ వైపు గడువు డిఫాల్ట్‌గా 2 సెకన్లే. మీ అప్లికేషన్ 2 సెకన్లకే చేతులెత్తేస్తే, సర్వర్ ఇంకా ఆ పని మీదే ఉండి మూడో సెకనులో నిక్షేపంగా కలిపేస్తుంది. మీరు జావా డ్రైవర్ వాడుతుంటే ముందు ఈ రెండు గడువులూ పోల్చి చూడండి. క్లయింట్ గడువు సర్వర్ గడువుకంటే కొద్దిగా ఎక్కువ ఉండాలి.

ఆ డ్రైవర్ తనంతట తాను ఇలాంటి రాతను రీట్రై చేయదు. రెండుసార్లు చేసినా ఫలితం మారని రాత అని మీరు చెబితే తప్ప టైమవుట్ తర్వాత అది ఊరుకుంటుంది. కాబట్టి మీ కోడ్‌లో ఎవరో మంచి మనసుతో రాసిన రీట్రై లూప్ ఎక్కడో ఉంది. అన్ని రాతలకూ ఒకే సహాయక ఫంక్షన్ వాడే చోట ఇది మామూలే. మామూలు రాతకు రీట్రై మంచిదే కదా!

అంకె వెనక్కీ ముందుకీ ఊగడం మాత్రం వేరే సంగతి, సులువుగా పోతుంది. లెవెల్ ‘వన్’ అంటే ఒక్క బల్ల దగ్గర అడిగి వచ్చేయడం. లీడర్ గంగ అయితే గంగ రాయగానే మీకు సరేనని చెబుతుంది, చీటీలు ఇంకా దారిలో ఉంటాయి. ఒక రిఫ్రెష్‌కు గంగ జవాబిస్తుంది, తర్వాతి రిఫ్రెష్‌కు ఇంకా పాత చీటీ పట్టుకున్న పెన్న జవాబిస్తుంది, అంకె తగ్గినట్టు కనిపిస్తుంది. ఏదీ పోలేదు. రాయడం, చదవడం రెండూ ‘లోకల్ క్వోరం’ చేయండి. రాసేటప్పుడు మూడింట్లో రెండింటికి చేరాకే సరే అంటుంది, చదివేటప్పుడు రెండింటిని అడిగి ప్రతి షార్డ్‌కూ పెద్ద క్లాక్ ఉన్నదాన్ని తీసుకుని కూడుతుంది. రెండూ రెండూ నాలుగు, మూడుకంటే ఎక్కువ, కాబట్టి కనీసం ఒక్క నోడ్ దగ్గరైనా తాజా చీటీ ఉంటుంది. ఊగడం ఆగుతుంది. రీట్రై సమస్య ఆగదు. ఈ రెండింటినీ కలిపి ఒకే రోగం అనుకుని లెవెల్ పెంచి, ఇంకా తేడా వస్తోందని విసుక్కునేవారిని చాలామందిని చూశాను.

రద్దీ విషయానికి వస్తే, నోడ్లు పెంచితే తగ్గుతుందనుకోకండి. ఒక కథనం కౌంటర్ ఎన్ని నోడ్లున్నా ఆ మూడు రెప్లికాల మీదే కూర్చుంటుంది. ఎన్నికల ఫలితాల రోజో, క్రికెట్ ఫైనల్ రోజో అందరూ ఒకే పేజీ మీద పడితే మిగతా నోడ్లు గోళ్లు గిల్లుకుంటుంటాయి. రెండు దారులున్నాయి. మొదటిది, కథనం గుర్తుతో పాటు 0 నుంచి 15 వరకు ఒక బకెట్ అంకెను కూడా పార్టిషన్ కీలో (వరస ఏ నోడ్లకు వెళ్లాలో తేల్చే కీలో) చేర్చి, ప్రతి క్లిక్‌ను యాదృచ్ఛికంగా ఒక బకెట్‌లో వేయడం. ఒక తాళం స్థానంలో పదహారు తాళాలు. చదివేటప్పుడు పదహారూ కూడుకోవాలి, ఆ కూడికను పది సెకన్లపాటు క్యాష్‌లో ఉంచితే పాఠకుడికి తేడా తెలియదు. రెండోది, అప్లికేషన్‌లోనే ఒక సెకనుపాటు పోగుచేసి ‘240 కలుపు’ అని ఒకే రాత పంపడం. నాకు ఇదే ఇష్టం, రాతలు విపరీతంగా తగ్గుతాయి. అయితే అప్లికేషన్ కూలితే ఆ సెకను లెక్క పోతుంది. ఇంకొకటి, దీన్ని చాలామంది మరచిపోతారు: ఇప్పుడు ఒక తప్పుడు రీట్రై విలువ 1 కాదు, 240.

ఇక గోతులు. వీటిలో ఒకదాంట్లో నేనే పడ్డాను కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను.

రోజువారీ చూపుల లెక్కను రాత్రి 12కు సున్నా చేయాలని మాకు ఒకసారి పని పడింది. కౌంటర్‌ను ‘సున్నా చెయ్యి’ అనే ఆజ్ఞ లేదు, కలపడం తీసేయడమే ఉన్నాయి. సరే, వరసను తొలగిస్తే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కదా అనుకుని అలాగే చేశాను. పరీక్షల్లో అంతా సవ్యంగానే కనిపించింది. అసలు క్లస్టర్‌లో మర్నాడు కొన్ని కథనాలకు నిన్నటి లెక్క మీద నేటిది ఎక్కింది, కొన్నింటికి నేటి క్లిక్కులు కనిపించలేదు. కారణం చీటీలే. తొలగింపు అందని ఒక రెప్లికా దగ్గర ‘క్లాక్ 500’ అన్న పాత చీటీ మిగిలింది, కొత్తగా మొదలైన షార్డ్ క్లాక్ 1. పెద్ద క్లాక్ గెలవాలన్నది నియమం, పాతదే గెలిచింది. అప్పట్లో అలా. 2.1 నుంచి తొలగింపు గుర్తు అయిన టూంబ్‌స్టోన్‌దే ఎప్పుడూ పైచేయి. అంటే తొలగించిన కౌంటర్‌కు మళ్లీ కలిపితే ఆ కూడికలు కనిపించవు. తొలగించిన కౌంటర్‌ను మళ్లీ వాడకండి, అంతే. రోజువారీ లెక్క కావాలంటే తేదీని కీలో పెట్టండి, కొత్త రోజుకు కొత్త కౌంటర్ పుడుతుంది. కౌంటర్‌కు కాలపరిమితి పెట్టడమూ కుదరదు, టైమ్‌స్టాంప్ చేత్తో ఇవ్వడమూ కుదరదు. ఒక టేబుల్‌లో కీ కాకుండా ఉన్న కాలమ్‌లు అన్నీ కౌంటర్లే కావాలి, లేదా ఒక్కటీ కాకూడదు. ఈ నిషేధాలన్నీ డాక్యుమెంట్లలో విడివిడిగా కనిపిస్తాయి కానీ మూలం ఒక్కటే: కౌంటర్ గడిలో ఉన్నది విలువ కాదు, చీటీల కట్ట.

రెండో గొయ్యి కరెంటు పోవడం. కమిట్ లాగ్ డిఫాల్ట్‌గా 10 సెకన్లకు ఒకసారి డిస్కులోకి ఖాయంగా చేరుతుంది. కసాండ్రా ప్రక్రియ ఒక్కటే కూలితే ఫరవాలేదు, రాసింది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. యంత్రమే ఆరిపోతే గంగ తన చివరి కొన్ని సెకన్లు మరచిపోవచ్చు. లేచాక తన లెక్క 500 అనుకుంటుంది, కృష్ణ, పెన్నల దగ్గర మాత్రం గంగ లెక్క 510 వరకు వచ్చి ఉంది. గంగ కొత్త క్లిక్కులకు 501, 502 అని ఇంకా పెద్ద క్లాక్‌తో పంపుతుంటే వాళ్లు అవే తాజా చీటీలనుకుని 510 ఉన్నదాన్ని చించేస్తారు. డిస్కు పాడై ఖాళీ డిస్కుతో, అదే గుర్తుతో నోడ్‌ను లేపితే ఇదే కథ ఇంకా ఘోరంగా నడుస్తుంది, లెక్క 1 నుంచి మొదలవుతుంది కదా. అలాంటప్పుడు నోడ్‌ను పద్ధతి ప్రకారం మార్చండి, ఖాళీ డిస్కుతో ఊరికే లేపకండి.

పరిమితి దాటుతుందేమో అని అడిగేవారూ ఉంటారు. కసాండ్రా కౌంటర్ 64 బిట్లది. 2014 డిసెంబరులో యూట్యూబ్‌లో ఒక కొరియా పాట 32 బిట్ల హద్దు 2,14,74,83,647ను దాటి వార్తల్లోకెక్కింది, వాళ్లూ 64 బిట్లకు మారామన్నారు. మన తెలుగు వార్తల యాప్‌కు ఆ దిగులు అక్కరలేదు.

‘అయితే వేరే డేటాబేస్ వాడితే?’ అన్నది మీ తర్వాతి ప్రశ్న కావచ్చు. అమెజాన్ వారి డేటాబేస్ డైనమోడీబీలో ఒక పార్టిషన్ (డేటాలో ఒక భాగం) రాతలన్నీ ఒకే లీడర్ దగ్గరికి వెళ్తాయి కాబట్టి షార్డ్‌ల గొడవ లేదు, ఊగే అంకె కూడా కచ్చితమైన చదువు అడిగితే ఉండదు. రీట్రై గొడవ అక్కడా ఉంది. ఎక్కువ తక్కువలు సహించలేని బ్యాంకు లెక్కల వంటివాటికి ఆ కౌంటర్ తగదని వాళ్ల డాక్యుమెంట్లే చెబుతాయి. మెమరీలో నడిచే డేటాబేస్ రెడిస్‌లో కూడిక మెరుపులా జరుగుతుంది, కానీ రెప్లికాకు తర్వాత తీరిగ్గా చేరుతుంది. ప్రధాన నోడ్ పడిపోయి రెప్లికా పగ్గాలు అందుకునే వేళ చివరి కూడికలు పోవచ్చు. కసాండ్రాలోనే మామూలు కాలమ్ మీద ‘100 ఉంటేనే 101 చెయ్యి’ అనే షరతు రాత ఉంది. అది నోడ్ల మధ్య పలుమార్లు అటూ ఇటూ తిరిగి ఒప్పందం కుదుర్చుకుంటుంది, రద్దీ కౌంటర్‌కు పనికిరాదు. పైగా టైమవుట్ వస్తే జరిగిందో లేదో అక్కడా తెలియదు. సెకనుకు కొన్ని వందల క్లిక్కులే మీ స్థాయి అయితే, మొహమాటం లేకుండా చెబుతున్నాను, పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్‌లో ఒక టేబుల్ చాలు.

ఎక్కడికి వెళ్లినా రీట్రై వెంటాడటానికి కారణం ఉంది. చదివింపుల పుస్తకంలో పేర్లుంటాయి. మేనత్త పద్దు రెండుసార్లు పడితే రాత్రి లెక్క చూసుకునేటప్పుడు ‘ఇదేమిటి, ఈవిడ పేరు రెండుసార్లుందే’ అని ఒకటి కొట్టేస్తారు. కౌంటర్‌లో ఉన్నది చివరి పంక్తి మాత్రమే, పేర్లు లేవు. ‘ఈ క్లిక్‌ను ఇంతకు ముందే కలిపావా?’ అని అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు. పేర్లు కావలసిన చోట పేర్లే రాయాలి. ‘నచ్చింది’ నొక్కిన లెక్కకు కథనం గుర్తు, పాఠకుడి గుర్తు కలిపి కీగా ఒక మామూలు వరస రాయండి. పదిసార్లు రీట్రై చేసినా అదే వరస. లెక్క మాత్రం తర్వాత ఒక పని కూర్చుని కూడి పెడుతుంది. డబ్బు, సీట్లు, పాయింట్లు అయితే ప్రతి లావాదేవీకి ముందే ఒక గుర్తు పుట్టించి, ఆ గుర్తుతో వరస రాయాలి. నేను కొంతకాలం పనిచేసిన ఒక సంస్థలో కొనుగోలుదారుల బహుమతి పాయింట్లు కౌంటర్‌లో పెట్టారు. పండగ అమ్మకాల రోజు నెట్‌వర్క్ తడబడింది, రీట్రైలు వెల్లువెత్తాయి. ఎవరికి ఎన్ని పాయింట్లు ఎక్కువ పడ్డాయో తేల్చడానికి మూడు వారాలు అప్లికేషన్ లాగ్‌లు జల్లెడ పట్టాం. పాయింట్లు తక్కువ పడినవారు ఫోన్లు చేశారు. ఎక్కువ పడినవారు ఒక్కరూ చేయలేదు.

మీ పనికి మాత్రం కౌంటర్ సరైనదే అని నా అభిప్రాయం. 10 లక్షల చూపుల్లో 287 తేడా ఏ పాఠకుడికీ పట్టదు, పేజీ మీద ఎలాగూ ‘10 లక్షలు’ అనే చూపిస్తారు. ప్రకటనదారులకు బిల్లు ఈ అంకె మీదే వేస్తున్నారా అన్నది ఒక్కటి కనుక్కోండి. వేస్తుంటే ఆ లెక్క కౌంటర్ నుంచి తీయవద్దు, క్లిక్ గుర్తులతో విడిగా రాయండి. లేకపోతే ‘లోకల్ క్వోరం’ పెట్టండి, గడువులు సరిచూడండి, కౌంటర్ రాతలకు రీట్రై తీసేయండి. తీసేయమనడానికి కారణం, చూపుల లెక్కలో కాస్త తక్కువ చెప్పినా గౌరవంగానే ఉంటుంది. ఒక సెకను పోగుచేసి పంపండి. ఆ తర్వాత పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి క్లిక్కులన్నీ ఒకే కథనం మీద కాకుండా మీ నిజమైన రద్దీ ఎలా ఉంటుందో అలా పంచి పంపండి. టైమవుట్లు 412 నుంచి ఎంతకు దిగాయో చూసి, ఆ అంకె ఇక్కడ రాయండి.